ఏరు దాటిన పిల్లవాడు

రామలక్ష్మి సంచి సర్దుకుని చెప్పులు కూడా వేసేసుకుంది.

అల్లుడు ఇస్రాయేలు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపే చనువు అతనికి లేదు. గడియ మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

"ఎక్కడికెళ్తారత్తయ్యా? ఆ ఇంటికి తాళం వేసుంది కదా."

"గేటు దగ్గర కూర్చుంటాను."

"ఈ ఎండలోనా?"

రామలక్ష్మి సంచి భుజానికి తగిలించుకుంది. ఆమె వంట చేసే ఒమానీ కుటుంబం వానలు చూడ్డానికి సలాలా వెళ్ళింది. తాము తిరిగొచ్చేదాకా కూతురి దగ్గర ఉండి రమ్మని ఆ ఇంటి యజమానురాలే చెప్పి పంపింది. మస్కట్ శివారు అల్ మవాలేలో ఆ ఇంటికీ ఈ ఫ్లాటుకీ నాలుగు వీధుల దూరమే అయినా, ఇన్నేళ్ళలో రామలక్ష్మి కూతురి ఇంట్లో వరసగా వారం ఉండటం ఇదే మొదలు. వచ్చిన రోజున ఎంత సంబరపడిందో, ఇప్పుడు అంతగా ఊపిరాడనట్టు ఉంది ఆమెకి.

పోయిన శుక్రవారం సినిమా చూసి వచ్చినప్పటి నుంచీ ఇంతే. పిలిస్తే పలకదు. పళ్ళెం ముందు పెడితే రెండు ముద్దలు తిని లేచిపోతుంది. ఇల్లంతా తుడిచిందే తుడుస్తుంది.

ఆ సినిమా గోదావరి ఏజెన్సీ కథ. యాభై ఏళ్ళ కిందట కోయపిల్లల్ని గూడేల నుంచి తీసుకొచ్చి పెట్టిన ఒక హాస్టలు బడి కథ. వచ్చిన రోజే జుట్టు గొరిగించడం, పేరు మార్చడం, తమ భాషలో మాట్లాడితే బెత్తంతో కొట్టడం, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పిల్లల్లో రామలక్ష్మి ఒకతె. ఆ పేరు కూడా హాస్టలు వాళ్ళు పెట్టిందే.

సినిమా చివర్లో గదిలో పెట్టి తాళం వేసిన చిన్నపిల్లవాడు కిటికీ ఊచ ఊడదీసుకుని పారిపోతాడు. ఏరు దాటి, అడవి దాటి, తెల్లారేసరికి తల్లి ఒళ్ళో వాలిపోతాడు. మస్కట్ హాల్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్రదర్శన ఏర్పాటు చేసిన తెలుగు సంఘం మనిషి జిలాని మైకు తీసుకుని, ఆ పిల్లవాడి అక్క మన మధ్యనే ఉందని ప్రకటించాడు. అందరూ వెనక్కి తిరిగారు. ఆడవాళ్ళు వచ్చి రామలక్ష్మి చేతులు పట్టుకున్నారు. మీ తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నాడమ్మా, పిల్లలెంతమంది అని ఒకామె నవ్వుతూ అడిగింది.

రామలక్ష్మి ఆ చేతుల్లోంచి తన చేతులు లాక్కుని బయటికి నడిచింది.

ఇప్పుడు పడగ్గది తలుపు తీసుకుని ఆశ బయటికి వచ్చింది. క్లినిక్‌లో డ్యూటీకి వెళ్ళాల్సిన వేళ దాటిపోయింది. జుట్టు కూడా దువ్వుకోలేదు.

"వెళ్ళనివ్వండి" అంది భర్తతో. "తిట్టాలంటే తిట్టాలి, కొట్టాలంటే కొట్టాలి. ఇలా మూతి బిగించుకుని ఇల్లు తుడుస్తూ ఉంటే నేనేమైపోవాలి?"

ఇస్రాయేలు మధ్యలో నిలబడి, ముందు అందరూ టీ తాగుదామన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు.

"నీ మీద కాదు నా కోపం" అంది రామలక్ష్మి. "నా నోటి మీద. ఆ రోజు నోరు మూసుకోవాల్సింది."

ఆ రోజు ఏదో ఆశకి చెప్పక్కర్లేదు. పోయిన ఏడాది ఆరో నెలలో ఆమె కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంటే, శుక్రవారం సెలవుకి వచ్చిన తల్లి మంచం పక్కన కింద కూర్చుంది. ఓదార్పు మాటలు రామలక్ష్మికి రావు. కూతురి పాదాలు ఒత్తుతూ, జీవితంలో మొదటిసారి హాస్టలు సంగతి ఎత్తింది. తనతోపాటు తెచ్చిన ఆరేళ్ళ తమ్ముడు జోగడి గురించి చెప్పింది. మనిషి దేన్నయినా దాటి బతుకుతాడని చెప్పాలనుకుందో ఏమో, సగంలో ఆపేసింది.

ఆ సగాన్ని ఆశ మోయలేకపోయింది. ఏజెన్సీ హాస్టళ్ళ మీద సినిమా తీస్తున్నానని, తెలిసినవాళ్ళు మాట్లాడమని సోషల్ మీడియాలో ప్రకటన పెట్టిన హైదరాబాద్ దర్శకురాలు ఇరమ్‌కి చెప్పింది. ఒకసారి కాదు, నెలల తరబడి చెప్పింది. చెప్పిన ప్రతిసారీ మనసు తేలికపడింది. తల్లిని అడగాలన్న ఆలోచన వచ్చింది కానీ, అడిగితే వద్దంటుందని తెలిసి అడగలేదు.

"నిన్ను అడక్కపోవడం తప్పే. ఒప్పుకుంటున్నాను" అంది ఆశ. "కానీ అందులో ఒక్క అబద్ధం లేదు. నువ్వు చెప్పిందే చెప్పాను."

"వాడు పారిపోయాడని నీకెప్పుడు సెప్పాను?"

"'ఏరు ఏరు అని రాత్రంతా ఏడ్చాడు, పొద్దున గదిలో లేడు' అన్నావు. అవి నీ మాటలే."

"అన్నాను."

"ఏటి కోసం ఏడ్చినవాడు పొద్దున లేడంటే ఏమనుకుంటారు? ఏరు దాటి ఇంటికి పోయాడనే కదా. నేనూ అదే అనుకున్నాను."

రామలక్ష్మి కూతురి మొహంలోకి చూసింది. వారం రోజుల్లో ఆమె అలా సూటిగా చూడటం అదే మొదటిసారి.

"ఏరంటే ఏరు కాదే" అంది. "మా మాటలో ఏరంటే నీళ్ళు."

ఇస్రాయేలు గడియ మీంచి చెయ్యి తీసేశాడు.

"ఒళ్ళు కాలిపోతా నీళ్ళడిగాడు వాడు. వాచ్‌మన్‌కి మా మాట రాదు. ఏరు ఏరంటన్నాడు, ఏటికి పారిపోతాడని తాళం ఏసుకుని పోయాడు. గోడకి ఇవతల నేను. తెలుగులో అరిసి సెబుదామంటే అప్పటికి నాకొచ్చిన తెలుగు 'అయ్యా, అలాగేనయ్యా' అంతే."

ఆమె గొంతు పెంచలేదు. కూరగాయల ధర చెబుతున్నట్టు చెప్పుకుపోయింది. పొద్దున గది ఖాళీగా ఉందనీ, నీ తమ్ముడు పారిపోయాడని వార్డెన్ చెప్పాడనీ, హాస్టలు ప్రహరీ అవతల పొగ వస్తుంటే వెళ్ళి చూశాననీ అంది.

"వాడి సాపా సొక్కా తగలబెడతన్నారు. పారిపోయినోడి సొక్కా ఎవడన్నా తగలబెడతాడా?"

ఆశ వెళ్ళి సోఫాలో కూర్చుంది. సినిమాలో ఆ పిల్లవాడు నీళ్ళు చిమ్ముకుంటూ ఏట్లో పరుగెత్తే దృశ్యం ఆమెకి గుర్తొచ్చింది. హాల్లో ఆ చోట ఆమె ఏడ్చింది, సంతోషంతో.

"ఈ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?"

"బిడ్డ పోయి పడుకున్నదానికి సావు కబురు ఎలా సెప్పను?"

ఆ మాటకి ఆశకి ఏడుపు రావాలి. రాలేదు. కోపం వచ్చింది.

"సరే, ఆ రోజు చెప్పలేదు. మరి నీ భాష నాకెందుకు నేర్పలేదు? ఒక్క మాటయినా నేర్పావా? పాలు తాగే వయసు నుంచి తెలుగే మాట్లాడావు. ఆ ఒక్క ముక్క నాకు తెలిసుంటే, నీళ్ళని ఏరని నేను చెప్పేదాన్నా? ఇప్పుడు నేనే ఆ వాచ్‌మన్‌ని అయినట్టు నన్ను చూస్తున్నావు."

అనేశాక నాలుక కరుచుకుంది. ఇస్రాయేలు ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె విదిలించుకుంది.

రామలక్ష్మి సంచి భుజం మీంచి దించింది.

"నేర్పితే నిన్నూ కొడతారనుకున్నాను" అంది చివరికి.

తర్వాత చెప్పులు విడిచి, సంచి అక్కడే వదిలేసి, వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. కట్టేసిన చప్పుడు ఎంతకీ రాలేదు.

*

మర్నాడు సాయంత్రం ఇరమ్ వచ్చింది. మొదటి ప్రదర్శనకి మస్కట్ వచ్చిన ఆమె, జనం అడగడంతో రెండో శుక్రవారం కూడా ఆట పెట్టారని ఆగిపోయింది. చేతిలో హల్వా డబ్బా ఉంది. గుమ్మంలోనే రామలక్ష్మి పాదాలకి దణ్ణం పెట్టబోతే ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

సంగతి ఆశే చెప్పింది. తల్లి ఎదుట, తల్లి చెప్పినట్టే, సొంత మాట ఒక్కటీ కలపకుండా చెప్పింది. చాప తగలబెట్టిన మాట దగ్గరికి వచ్చేసరికి ఇరమ్ హల్వా డబ్బా కింద పెట్టేసి రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆమె ఏడుపు నటన కాదని ఇంట్లో అందరికీ తెలిసింది. రెండేళ్ళు ఆ సినిమా కోసం ఇల్లూ వాకిలీ పట్టకుండా తిరిగిన మనిషి. ఏజెన్సీ గూడేల్లో పడుకుని, అక్కడి పిల్లలతోనే వేషాలు వేయించింది.

"నాకు తెల్వకపాయె అమ్మా" అంది. "తెలిస్తే అట్ల తియ్యకపోదును."

షూటింగ్‌లో ఉన్న కోయపిల్లలెవరూ ఆ మాటకి అర్థం చెప్పలేదా అని ఇస్రాయేలు అడిగాడు. ఇరమ్ తలవంచుకుంది. ఆ గదిలో పిల్లవాడి చేత తెలుగులోనే పలికించామని చెప్పింది. నన్ను ఏటికి పోనివ్వండి అని ఏడిపించారట. చూసేవాళ్ళకి అర్థం కావాలని.

రామలక్ష్మి చిన్నగా నవ్వింది.

కాసేపటికి ఇరమ్ కళ్ళు తుడుచుకుంది. నీళ్ళు తాగింది. సినిమా ఇప్పటికే ఊళ్ళు తిరుగుతోందనీ, దాన్ని మార్చడం తన ఒక్కదాని చేతుల్లో లేదనీ, అయినా పెట్టుబడి పెట్టినవాళ్ళతో మాట్లాడతాననీ అంది. మాట్లాడుతూ మాట్లాడుతూనే బ్యాగులోంచి ఫోన్ తీసి టీపాయ్ మీద నిలబెట్టింది.

"అమ్మా, ఆశ ఇప్పుడు చెప్పింది మీ నోటితో ఒక్కసారి చెప్పుండ్రి. దీంట్ల పెట్టుకుంట. లోకానికి అసలు నిజం తెలవాలె కద."

రామలక్ష్మి ఫోన్ వైపు చూసింది. కూతురి వైపు చూసింది.

ఆశ లేచి ఆ ఫోన్‌ని టీపాయ్ మీద బోర్లా పెట్టింది. ఇంక వెళ్ళండి అని మెల్లగా అంది. ఇరమ్ మొహం పాలిపోయింది. తాను చేసిందేమిటో అప్పుడు తెలిసినట్టుంది. ఫోన్ తీసుకుని, చెప్పులు తొడుక్కోసాగింది.

"శుక్రవారం ఆటకి వస్తాను" అంది రామలక్ష్మి వెనకనుంచి. "మైకు ఇస్తారుగా. ఇయ్యమను."

ఎందుకత్తయ్యా, మళ్ళీ ఆ జనంలోకి ఎందుకు అని ఇస్రాయేలు అడ్డం పడ్డాడు. ఆమె వినలేదు. హల్వా డబ్బా తీసి ఇరమ్ చేతిలో పెట్టేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆటకి హాలు నిండిపోయింది. సోహార్ దారిలో తోటల్లో పనిచేసేవాళ్ళూ, ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళూ కూడా ఈసారి సెలవు చూసుకుని వచ్చారు. జిలాని గుమ్మం దగ్గర ఎదురొచ్చి, "రాండి పెద్దమ్మా, మీకోసరమే చూస్తాండాం" అని ముందు వరసలోకి తీసుకెళ్ళాడు. అసలు సంగతి అతనికి ఇరమ్ చెప్పలేదు. ఆశా చెప్పలేదు.

రామలక్ష్మి సినిమా మొత్తం కదలకుండా చూసింది. పిల్లవాడు ఏట్లో దిగినప్పుడు హాల్లో ఈలలు వేశారు. ఆశ తల్లి చెయ్యి పట్టుకోబోయింది. ఆ చెయ్యి ఒడిలో బిగుసుకుని ఉంది. విడదీయడం కుదరలేదు.

దీపాలు వెలిగాయి. జిలాని వాళ్ళిద్దరినీ స్టేజీ మీదికి పిలిచాడు. అమ్మకి మాట తడబడితే అందించమని ఆశకి రెండో మైకు ఇచ్చాడు. ఇరమ్ స్టేజీ కిందే, మెట్ల పక్కన నిలబడిపోయింది.

రామలక్ష్మి మైకు దగ్గరికి వచ్చింది. గొంతు సవరించుకుంది. ఇప్పుడు చెప్పేస్తుంది, ఈ చప్పట్లు కొట్టినవాళ్ళందరి మొహాలూ మాడిపోతాయి, నా మొహం అందరికంటే ముందు, అనుకుంది ఆశ. అయినా చెప్పనీ అనుకుంది.

రామలక్ష్మి మాట్లాడింది. కోయలో మాట్లాడింది.

మొదట జనానికి తెలియలేదు. ఏదో తడబడుతోందనుకున్నారు. తర్వాత తెలిసి ఎవరో మురిపెంగా చప్పట్లు కొట్టారు. ఆమె ఆగలేదు. ఇంట్లో గొణిగినట్టు మాట్లాడే మనిషి, అక్కడ గొంతు విప్పి మాట్లాడింది. ఒకచోట చెయ్యి ఎత్తి తెరవైపు చూపించి ఏదో అడిగింది. ఎవరిని అడిగిందో, ఏం అడిగిందో హాల్లో ఎవరికీ తెలియదు.

"ఏమంటాందమ్మా? తెలుగులో చెప్పు" అన్నాడు జిలాని, ఆశ దగ్గరికి వంగి.

ఆశ చేతిలో మైకు ఉంది. అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. తల్లి మాటల్లో జోగడి పేరు వినబడింది. ఏరు అన్న మాట వినబడింది. ఆ రెండూ తప్ప, కన్నతల్లి నోటి నుంచి వచ్చే మాటల్లో ఒక్కటీ ఆమెకి అందలేదు.

"నాకు రాదు" అంది.

మైకులో ఆ మాట హాలంతా వినిపించింది. చప్పట్లు కొట్టిన చేతులు ఆగిపోయాయి.

రామలక్ష్మి చెప్పడం ముగించింది. దణ్ణం పెట్టలేదు. అలాగే నిలబడి ఉంది. జిలాని మైకు అందుకోబోయాడు.

అప్పుడు వెనక వరసల్లోంచి ఒక ఆడగొంతు లేచింది. అదీ కోయే.

అందరూ తిరిగి చూశారు. గోడవార ఒక ముసలామె నిలబడి ఉంది. ఇళ్ళలో పనిచేసేవాళ్ళు వేసుకునే పొడుగు గౌను, తలకి గుడ్డ. ఆమె ఏదో అడిగింది. అందులో గట్టు అన్న మాట ఒక్కటి ఆశకి తెలిసింది. కోయల్లో వంశాన్ని గట్టు అంటారని ఆమె ఎక్కడో చదివింది. రామలక్ష్మి జవాబు చెప్పింది. ముసలామె వరసల మధ్యనుంచి ముందుకు నడుస్తూ మళ్ళీ ఏదో చెప్పింది. ఈసారి పెద్దగా చెప్పింది. ఏడుస్తూ చెప్పింది.

రామలక్ష్మి మైకు కర్ర పట్టుకుంది. పడిపోతుందేమోనని ఆశ ముందుకు వచ్చింది. కానీ ఆమె పడలేదు. మెట్లు దిగి వెళ్ళి ఆ ముసలామె ఎదురుగా నిలబడింది. ఇద్దరూ కౌగిలించుకోలేదు. ఒకరి మోచేతులు ఒకరు పట్టుకుని, గబగబా మాట్లాడుకుంటూ, హాలు దాటి బయటికి వెళ్ళిపోయారు.

ఆశ పరుగెత్తుకుంటూ బయటికి వచ్చేసరికి వాళ్ళు పార్కింగ్‌లో ఒక వ్యాను పక్కన ఉన్నారు. సోహార్ దారిలోని ఖబూరా తోటల నుంచి పనివాళ్ళని తీసుకొచ్చిన వ్యాను అది. డ్రైవరు ఇంజను వేసి తొందరపెడుతున్నాడు. ముసలామె ముందు ఎక్కి, పక్కకి జరిగి చోటిచ్చింది. రామలక్ష్మి ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

"అమ్మా, ఎక్కడికి?"

"ఖబూరా. ఈవిడ దగ్గర నాలుగు రోజులుంటాను. మీ ఆయనకి సెప్పు."

"ఎవరావిడ? నీకేం చెప్పింది?"

రామలక్ష్మి ఆగింది. చెప్పాలా వద్దా అని తూచుకున్నట్టు కూతుర్ని పైనుంచి కింది వరకూ చూసింది. ఆ చూపులో వారం నాటి కోపం లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది ఆశకి.

"ఆ రాత్రి హాస్టలోళ్ళు గొయ్యి తవ్వడానికి ఈవిడ నాన్నని పిలిపించారంట. వాణ్ణి ఎక్కడ పెట్టారో ఈవిడకి తెలుసు."

ఆశ ఇంకో అడుగు దగ్గరికి వేసింది.

"ఎక్కడమ్మా?"

రామలక్ష్మి వ్యానెక్కి కూర్చుంది. తలుపు లాక్కుంటూ, మెల్లగానే, చివరి మాట అంది.

"నీకు సెప్పను."

వ్యాను కదిలింది. ముసలామె కోయలో ఏదో అడిగింది. అద్దం అవతల రామలక్ష్మి ఆమె వైపు తిరిగి జవాబు చెప్పడం మొదలుపెట్టింది.